అనిత టీచరు గదికి ఒక బాక్సు తక్కువ

ఆళ్లగడ్డలో అనిత టీచరు లెక్క తప్పిందంటే పిల్లలే కాదు, హెడ్‌మాస్టరు గూడా నమ్మడు. బడి వదిలి రాగానే టీ పెట్టుకొని కూర్చోవడం ఆమెకు అలవాటు. ఈ వారం నేల పని నడుస్తోంది కాబట్టి టీ గ్లాసు మేస్త్రీ నతానియేలుకు గూడా అందించి, పనిని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతోంది.

ఇంట్లో వంటిల్లు పోను ఉన్నది ఒకటే గది. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. నూట ఇరవై చదరపు అడుగులు. రెండడుగుల టైలు నాలుగు చదరపు అడుగులు కప్పుతుంది కాబట్టి ముప్పై చాలు. బాక్సుకు నాలుగు.

"కోతకు, పగిలేదానికి ఇంకో రెండు బాక్సులు తెచ్చుకోమ్మా" అని మేస్త్రీ మొత్తుకున్నాడు.

"నా లెక్క మీద నమ్మకం లేదా అన్నా?" అంటూ ఆమె నంద్యాల నుంచి ఎనిమిది బాక్సులే దింపించింది. ఆమె పట్టుదల అట్లాంటిది!

ఆమె దిగులు వేరే. తాగుబోతు మొగుడి దెబ్బలు ఓర్చలేక ఆడబిడ్డ ప్రమీల మూడు నెలల కింద వచ్చేసింది. వంటింట్లో గ్యాసు బండ పక్కన ముడుచుకొని పడుకుంటోంది.

"శనివారం ఆయనొస్తాడంట వదినా. పోతా."

"మళ్లీ ఆడికే ఎందుకు పోతావే?"

"ఈడ చోటు యాడుంది? మీరెన్నాళ్లని ఇరుక్కుంటారు?"

ఆ పిల్లంటే అనితకు ప్రాణం. పోవద్దనాలంటే చోటు చూపించాల, అదే లేకపాయె.

శనివారం పొద్దున్నే మేస్త్రీ కేకేసినాడు. "టీచరమ్మా, ముప్పై పరిచినా. రెండే మిగిలినయ్. ఇంకా శానా ఖాళీ ఉంది!"

"తప్పే ప్రసక్తే లేదు" అని అనిత టేపు పట్టుకొని దూకింది. తూర్పు గోడ ఆరడుగుల మేర పెరట్లోకి నాలుగడుగులు జరిగి ఉంది. బయట గోడకు కట్టిన బట్టల తీగ వదులై, చీరలు నేలను తాకుతున్నాయి.

"గోడ జరిగిందిలేమ్మా" అన్నాడు నతానియేలు. "రుద్రవరంలో మా పెద్దమ్మకు కవలలు పుట్టినప్పుడూ ఇట్లే జరిగె. ఎన్ని కావాల్నో చెప్పు."

భర్త అజయ్ కుమార్ తీగ బిగించి కట్టి, బండి తాళాలు అందుకున్నాడు. "నంద్యాలకు పోతాండా. ఎన్ని తేవాల?"

అనిత గడప మీద సుద్దతో గదిని రెండు ముక్కలుగా గీసింది. పాతది నూట ఇరవై. కొత్తది ఆరు నాలుగులు ఇరవై నాలుగు. అంటే ఆరు టైల్సు. చేతిలో రెండున్నాయి, ఇంకో నాలుగు కావాల.

"ఒక బాక్సు" అంది. అంతలోనే తలెత్తి ఆ కొత్త మూలను చూసింది. ఒక మంచం పడుతుంది, పక్కన పెట్టె గూడా పడుతుంది. ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ప్రమీలా, ఇట్రా. ఈ మూల నీదే."

అదృష్టం, అదే రంగుది అంగట్లో చివరి బాక్సు దొరికింది. సాయంత్రానికి పని అయిపోయింది. అప్పుడే ఆటో ఆగి, ప్రమీల మొగుడు వాకిట్లోకి వచ్చినాడు.

"సంచి తీసుకో, పా."

"నేను రాను."

"ఈడ నీకు చోటు యాడుంది?"

ప్రమీల కొత్త మూల వైపు చెయ్యి చూపింది. "ఇరవై నాలుగు చదరపడుగులుంది. నమ్మకపోతే మా వదినను అడుగు."

ఆయన అనిత వైపు చూసినాడు. అనిత అవునన్నట్టు తలూపింది. ఆటోవాడు రెండుసార్లు హారను కొట్టినాడు. ఎవరూ కదలకపోయేసరికి ఆయనొక్కడే ఎక్కి పోయినాడు.