చెల్లెలి వాటా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా చెల్లికి కోపం రాదు, వస్తే ఒక పట్టాన పోదు. ఈ ఒక్క తేడా తప్పిస్తే మమ్మల్ని పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరి నోట్లో మందు పోసిన ఘనత మా అమ్మది. ఒకే గుడ్డు రెండుగా చీలి పుట్టిన కవలలం మేము. కాస్త ముందుగా బయటపడ్డాను కాబట్టి నేను అక్కనైపోయాను.

ఇద్దరం ఒకే నర్సరీలో పనిచేస్తాం. నాది సీసాల గది. మూతికి గుడ్డ కట్టుకుని, బ్లేడును దీపం మంటలో కాల్చి, అరటి పిలకను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ జెల్లీ పోసిన సీసాలో నాటుతాను. ఆ ముక్క గుబురుగా పిలకలు పెడుతుంది. వాటిని మళ్ళీ కోస్తాను. పువ్వు లేదు, గింజ లేదు, తండ్రి ఊసే లేదు. గది నిండా ఎన్ని సీసాలున్నా అన్నిట్లో ఉన్నది ఒకే మొక్క.

చెల్లిది బొప్పాయి తోట. మగచెట్టు పూల నుంచి పుప్పొడి తీసి, కుంచెతో ఆడపువ్వు మీద అద్ది, పైన కాగితం సంచి కట్టేస్తుంది. ఆ కాయల్లో గింజలు మొలిస్తే దేని తీరు దానిదే. ఏది మగదో ఏది ఆడదో పూత వచ్చేదాకా తెలియదు.

"నీ పిల్లలందరికీ ఒకటే మొహం. విసుగు రాదటే నీకు?" అని ఏడిపించేది చెల్లి.

"నీ పిల్లల్లో ఒక్కటైనా చెప్పిన మాట వింటుందా? పోవే, పెళ్ళిళ్ళ పేరయ్యా!" అనేదాన్ని.

పెళ్ళికి ముందు దానికి పెద్ద జబ్బు చేసింది. మందులు ప్రాణం నిలబెట్టాయి గాని, కడుపులో అండాలన్నవి లేకుండా చేసేశాయి. మా నర్సరీ వ్యాను నడిపే మరిది అంతా తెలిసే చేసుకున్నాడు. బంగారంలాంటి మనిషి. అయినా పిల్లలంటే ఇద్దరికీ ప్రాణం. నా ఇద్దరు పిల్లలకి అది తల దువ్వుతూ దువ్వుతూ ఆగిపోతే, నేను చూడలేక మొహం తిప్పుకునేదాన్ని.

డాక్టరమ్మ మాత్రం గర్భసంచి బాగానే ఉందంది. ఇంకెవరి అండమైనా తీసుకుని మరిది బీజంతో కలిపి లోపల పెడితే, చెల్లి తొమ్మిది నెలలూ మోసి కనగలదట. "ఇంకెవరిదో ఎందుకు? నేను లేనూ?" అన్నాను. చెల్లి "వద్దు" అని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పనిగట్టుకుని తోటలోకి వెళ్ళాను.

"ఎందుకొద్దే? నేనేమైనా పరాయిదాన్నా?"

"పరాయిదానివైతే తీసుకునేదాన్నేమో," అంది అది, సంచికి దారం చుడుతూ. "అది నీ బిడ్డవుతుంది. కన్నతల్లి రోజూ దాని కళ్ళముందే తిరుగుతుంటుంది. ఇంక నేనెవర్ని? నీ గదిలో సీసానా? మొక్క పెరిగాక కడిగి బోర్లిస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చుట్టూ జనమున్నారని కూడా చూసుకోలేదు.

"నోర్ముయ్! పెద్ద చెప్పొచ్చావు. అమ్మ కడుపులో పడ్డది ఒక్క గుడ్డు. అదే రెండైంది. అందులో నువ్వెవరు, నేనెవరు? నా సీసా ఒకటి తీసి, ఇందులో తల్లేది, పిల్లేది అని అడుగు. కోసిన నేనే చెప్పలేను. నీ వాటా జబ్బు తినేసింది. నా దగ్గర మిగిలింది ఇద్దరిదీను. నీది నీకిస్తానంటే సీసా అంటావా?"

నా చెయ్యి తగిలి పుప్పొడి డబ్బా కింద పడింది. పొద్దుట్నుంచీ అది పోగేసిందంతా మట్టిపాలైంది. చెల్లి డబ్బా వంక చూసింది, నా వంక చూసింది.

"ఆస్తి పంపకాలకొచ్చినట్టు ఆ అరుపులేంటే?" అని నవ్వబోయి, బావురుమంది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "మరి రేపు దానిమీద నీకు ప్రేమ పుట్టుకొస్తే?" అని అడిగింది.

"వస్తుంది. అబద్ధమెందుకు చెప్పాలి? వచ్చినా నోరు మూసుకుంటాను."

"నువ్వా? నోరు మూసుకోవడమా?"

ఇంకొన్నాళ్ళు నానబెట్టింది. చివరికి ఒకరోజు మరిది వ్యాను ఆపి, "ఒప్పుకుంది వదినా," అన్నాడు.

అండాలు తీయడం కోసం సూదులు పొడిపించుకున్నాను. పొట్ట ఉబ్బి, నడుం పట్టేసి, ఇంట్లో అందరి మీదా కేకలేశాను. "మీ ఇద్దరి మధ్యకి రావడానికి నేనెవర్ని?" అంటూ మా ఆయన వంటింటి పని నెత్తినేసుకున్నాడు. మొదటిసారి నిలవలేదు. చెల్లి తలుపేసుకుని ఎవరికీ మొహం చూపించలేదు. తప్పంతా నా ఒంటిదేనేమోనని కుమిలిపోయాను. రెండోసారి నిలిచింది.

ఆ తర్వాత మాటకు కట్టుబడ్డాను. దాని పొట్ట మీద చెయ్యి వెయ్యాలని ప్రాణం లాగేది. వెయ్యలేదు. అది మాత్రం తోటలో చెట్టుచెట్టుకీ తిరుగుతూ, కడుపులోదానికి పూలు పరిచయం చేస్తూ, ఒకటే కబుర్లు.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. చెల్లికింకా మత్తు దిగలేదు. నర్సు పాపను తెచ్చి, "వాళ్ళమ్మ కళ్ళు తెరిచేదాకా పట్టుకోండి," అంటూ నా చేతుల్లో పెట్టింది.

నా మొహం ఉంటుందేమోనని భయపడ్డాను. ఉంటే బాగుండునని ఆశ కూడా పడ్డాను. తీరా చూస్తే ముక్కు మరిదిది. చెవులు మరిది తల్లిగారివి. ఆ నుదురెవరిదో, ఆ గడ్డమెవరిదో! మా ఎవ్వరిలాగా లేని కొత్త మనిషి. ముద్దొచ్చింది. వచ్చిన ముద్దును దిగమింగుకున్నాను.

అంతలో గుక్కపెట్టింది. ఊపాను, జోకొట్టాను, "చిట్టీ, కన్నా" అన్నాను. ఇద్దర్ని పెంచినదాన్ని, నాకు తెలియని విద్య లేదు. ఒక్కటీ పారలేదు. పాప ఎర్రగా కందిపోయింది.

మంచం మీద చెల్లి కళ్ళు తెరవకుండానే, "ఏంటమ్మా... ఏమైందమ్మా..." అంది.

ఏడుపు ఆగిపోయింది.

మా ఇద్దరి గొంతూ ఒకటే. ఫోనులో మా ఆయనే పొరబడతాడు. అయినా నా చేతుల్లో ఉన్న పిల్ల తల అటు తిప్పింది. తీసుకెళ్ళి దాని గుండెల మీద పడుకోబెట్టాను. చెవి ఆనించి, ఇల్లు చేరినట్టు కుదురుగా సర్దుకుంది.

నాకు లోపల కలుక్కుమంది. సంతోషంతో పాటు కుళ్ళు కూడా, దాచుకోవడమెందుకు!

"చూశావటే, నన్ను పూచికపుల్లంత లెక్కచెయ్యలేదు నీ కూతురు!" అన్నాను.

చెల్లి కళ్ళు తెరిచింది.

"మళ్ళీ అను."

"ఏమని?"

"ఇప్పుడన్నదే, అక్కా."

"నీ కూతురు," అన్నాను.

అది అడిగినన్నిసార్లూ అన్నాను.