ఇసక మీద కూర్చోబెట్టిన ఐసు బీరువా

నేను ఒక ఐసు బీరువాని. కరెంటుది కాదు, కిరసనాయిలుది. నా అడుగున ఒక దీపం ఉంటుంది. అది వెలిగితేనే నా కడుపులో నీళ్ళు గడ్డకడతాయి. నమ్మరు. అప్పట్లోనూ ఎవరూ నమ్మలేదు.

ఎక్కడో చలిదేశంలో పుట్టాను. అంత చలిలో వాళ్ళకి నేనెందుకో ఇప్పటికీ తెలీదు. ఓడెక్కి కాకినాడ రేవులో దిగాను. పదేళ్ళు ఒక దొరగారి సోడాలు చల్లబరిచాను. దేశం వదిలిపోతూ ఆయన కుక్కని వెంట తీసుకెళ్ళాడు. నన్ను వేలానికి పెట్టాడు.

పాడుకున్నది తాళ్ళరేవు ఉప్పు కొఠారు గుమాస్తా పేర్రాజు గారు. ఆ ఊరికింకా కరెంటు రాలేదు. ఈ శ్రీరామనవమికి పానకంలో ఐసు వేస్తానని ఆయన భార్య సుభద్ర వీధంతా చెప్పేసింది. పండగ ఇంకా తొమ్మిది రోజులుంది.

“చల్లదనం సంగతి నాకు తెలుసు” అంది ఆవిడ అత్తగారు అచ్చమాంబ. నీళ్ళకుండకి చేసే మర్యాదంతా నాకూ చేసింది. వసారాలో ఇసక పోయించి, తడిపి, దాని మీద నన్ను కూర్చోబెట్టింది. ఒంటికి తడి గోనె చుట్టించింది. రోజుకి మూడుసార్లు చెంబుతో నీళ్ళు.

ప్రేమే. కాదనను. కానీ నేను కుండని కాను. నా గొట్టాల్లో ఒక ఘాటుమందు ఉంది. దీపం వేడికి పైకెక్కి, కిందికి జారుతూ అదే చలి పుట్టిస్తుంది. అందుకు నేను నిటారుగా ఉండాలి, వీపుకి గాలాడాలి. ఇసకలో నా కాలొకటి దిగబడింది. గోనె వీపు మూసేసింది. మందు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆరు రోజులు దీపం వెలిగింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

పక్కింటి శేషమ్మ రోజూ వచ్చేది.

“ఐసు ఎందాకా వచ్చింది వదినా? కాకినాడ దాటిందా?”

సుభద్ర నవ్వేసేది. శేషమ్మ వెళ్ళాక నా తలుపు తీసి, చెయ్యి పెట్టి చూసి, మెల్లిగా మూసేది.

ఏడో రోజు పేర్రాజు గారు విసిగిపోయారు.

“తిప్పి పంపేస్తాను. ఊరంతా నవ్వుతోంది.”

“పండగ దాకా ఉండనివ్వండీ.”

“పండగపూట కూడా నవ్వడానికా?”

బండి నూకయ్య వచ్చాడు. “కాళ్ళు సన్నం బాబుగారూ, ఇరిగిపోతాయండీ” అని నన్ను తలకిందులుగా బోర్లించి తాడు బిగించాడు. కాకినాడ దాకా గతుకులే. నా పేగులన్నీ కదిలాయి. అడ్డంపడ్డ మందు గుడగుడమని దారి వెతుక్కుంది. తీరా వెళితే వేలం కొట్టుకి తాళం. కొట్టాయన పండక్కి అత్తారింటికి పోయాడట.

మర్నాడు సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చాను. “లోపలికి మొయ్యడం నావల్ల కాదమ్మగారూ” అని నూకయ్య నన్ను నిలబెట్టి, వీధరుగు మీద నాపరాళ్ళ గచ్చున దింపేశాడు. అత్తగారు తోడిన నూతినీళ్ళు లోపల పెట్టి, సుభద్ర కిరసనాయిలు పోసి దీపం ముట్టించింది. అత్తగారు గోనె పట్టుకొచ్చింది.

“ఈ ఒక్క రోజూ వద్దు అత్తయ్యగారూ. దాని మానాన దాన్ని ఉండనివ్వండి.”

ఆ ఇంట్లో సుభద్ర వద్దనడం నేను వినడం అదే మొదలు.

నవమి పొద్దున్న తలుపు తీసింది. నీళ్ళు తెల్లగా గట్టిపడి ఉన్నాయి. పరుగెత్తుకెళ్ళి ముందు శేషమ్మనే లాక్కొచ్చింది. శేషమ్మ ఐసుని వేలితో పొడిచి చూసింది.

“వచ్చిందే! అయినా వదినా, దీనికి మడి ఉందా? దేవుడి పానకంలో వెయ్యొచ్చా?”

సుభద్ర వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు ముందుకొచ్చింది.

“నీళ్ళు మా నూతివి. మడితో తోడింది నేను. కింద అఖండదీపం. ఇంకేం కావాలే నీకు?”

ఆ రోజు వీధి వీధంతా మా అరుగు మీదే. శేషమ్మ మూడు గ్లాసులు తాగింది. “నేను ముందే అన్నానుగా” అన్నారు పేర్రాజు గారు. ఏమన్నారో ఎవరూ అడగలేదు.

కరెంటు వచ్చాక నా పనైపోయింది. పెరట్లో పాత ఇనపసామాను పక్కన నిలబడ్డాను. విచారం లేదు. ఒక సంగతి మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆ వేసవంతా, కోడలు మధ్యాహ్నం కునుకు తీసే వేళకి అచ్చమాంబ గారు వచ్చి నా తలుపు తీసేది. ఒక ముక్క బుగ్గన పెట్టుకునేది. పళ్ళు జివ్వుమనేవి. “రామ రామ” అని కళ్ళు మూసుకుని, ఇంకో ముక్కకి చెయ్యి చాచేది.