ట్రయల్ గది అద్దంలో అమ్మ

పొద్దున్నే షట్టర్ ఎత్తి, మెషిన్‌కి నూనె వేసి, ట్రయల్ గది అద్దం తుడిచాకే టైలరమ్మ సూది పట్టుకుంటుంది. అద్దంలో వాళ్ల అమ్మ ఉంటుంది. పోయి చాలా ఏళ్లయినా కొట్టు మీద మమకారం చావలేదు పాపం. చొక్కా తొడుక్కుని చూసుకునేవాళ్లు "భుజం దగ్గర పట్టేసిందా పెద్దమ్మా?" అని ఆవిడనే అడుగుతారు. ఆవిడ కుడికన్ను మూసుకునే తల ఊపుతుంది. దారం ఎక్కించేటప్పుడు ఒక కన్ను మూసే అలవాటు ఇంకా పోలేదని అందరూ నవ్వుకుంటారు.

ఆ రోజు టైలరమ్మ కూడా ఎడమకన్ను మూసి సూది ఎత్తింది. సూది లేదు. చెయ్యి లేదు. కొట్టే లేదు. నొప్పి కూడా లేదు, అదే చిత్రం.

"కళ్లు అలిసిపోయుంటాయే, కాసేపు పడుకో," అంది కూతురి పెళ్లిబట్టలు కుట్టించడానికి వచ్చిన అక్క. టైలరమ్మ వింటేనా! అక్కని వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"కంట్లో రక్తనాళం మూసుకుపోయింది. ఈ చూపు తిరిగి రావడం కష్టం," అన్నాడాయన. "నా భయం కన్ను గురించి కాదమ్మా. ఈ వయసులో ఇలా అయిందంటే మీ రక్తానికే గడ్డకట్టే గుణం ఉందేమో. ఈసారి గడ్డ మెదడులో అడ్డం పడొచ్చు. మీ వాళ్లలో ఎవరికైనా ఉందా?"

అమ్మ పోయేనాటికి టైలరమ్మ చంటిపిల్ల. అక్క వైపు చూసింది.

"మా ఇంటా వంటా లేదు," అంది అక్క.

రక్తం పరీక్షకిచ్చి కొట్టుకొచ్చేసరికి అద్దంలో అమ్మ లేచి నిలబడి ఉంది. అక్క హ్యాండ్‌బ్యాగు చంకలోనే ఉంది, జిప్పు వేసే ఉంది. అద్దంలో మాత్రం అమ్మ ఆ జిప్పు లాగి, మాత్రల అట్ట తీసి పైకెత్తి చూపించింది.

"తియ్యి," అంది చెల్లెలు.

అక్క ఏడుస్తూ తీసింది. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు.

"నా పిల్ల పుట్టినప్పుడు నాకీ జబ్బుందని బయటపడిందే. అమ్మకీ ముందు కుడికన్నే పోయింది. ఆ తర్వాతే పక్షవాతం..."

"దారం కోసం మూసుకుందనుకున్నానే ఇన్నాళ్లూ! ఈ గడ్డల వల్లే కాబోలు, నాకు రెండుసార్లు కడుపు పోతే పక్కన కూర్చుని తల నిమిరావు. అప్పుడైనా నోరు రాలేదా?"

"తెలిస్తే నా కూతుర్ని ఎవరు చేసుకుంటారే?"

"దానికైనా చెప్పావా?"

"లేదు," అంది అక్క. తోడబుట్టిందే గొంతు కోస్తే టైలరమ్మ ఇంకెవరితో చెప్పుకుంటుంది? ఫోన్ తీసింది.

"వద్దే, నీ కాళ్లు పట్టుకుంటా!"

"బంగారం, కొట్టుకి రా," అంది టైలరమ్మ ఫోన్లో అక్క కూతురితో. "కొలతలకంటే ముందు నీకో మాట చెప్పాలి."

టైలరమ్మదీ, పిల్లదీ అదే రక్తమని పరీక్షలో తేలింది. డాక్టరు ఏమేం జాగ్రత్తలో చెప్తుంటే పక్కన కూర్చున్న పెళ్లికొడుకు, "మళ్లీ చెప్పండి, నేనూ గుర్తుపెట్టుకుంటా," అన్నాడు. అంతే. పెళ్లి ఆగలేదు.

ఇంతోటి దానికి దాచా నా కన్ను పోగొట్టింది, అనుకుని టైలరమ్మ కుమిలిపోయింది.

పెళ్లిబట్టలు తొడుక్కున్న మనవరాల్ని చూసి అద్దంలో అమ్మ మురిసిపోయింది. "ఎలా ఉందమ్మా?" అని వెనక నుంచి అక్క అడిగింది. అమ్మ అటు చూడలేదు. టైలరమ్మ కూడా, ఉన్న ఒక్క కంటితో, దారం వైపే చూస్తూ కూర్చుంది.