అట్లకాడను కరిగించారు

అమెరికాలో షామ్‌బర్గ్ పక్కనున్న ఆ చిన్న ఊళ్లో షాపింగ్ మాల్ కన్నా పాతది ఏదైనా ఉందంటే, అది సిటీ హాల్ ముందున్న ఇనుప శిల్పమే. సన్నటి కాడ, పైన కాస్త వంగిన పలక. చేసినాయన దానికి ‘స్పిరిట్ ఆఫ్ ప్రోగ్రెస్’ అని పేరు పెట్టి, తన బాధ్యత తీరిందనుకున్నాడు.

2003లో విమలకుమారి దాన్ని మొదటిసారి చూసి, “ఇంత పెద్ద అట్లకాడ ఎవరికండీ?” అని భర్తను అడిగింది. అంతే, తెలుగు చర్చి అంతా ఆ పేరే ఖాయం చేసింది. పాస్టరుగారు కూడా ప్రకటనల్లో, “పిక్నిక్ బస్సు అట్లకాడ దగ్గర ఆగుతుంది” అనేవారు.

2011లో ఒకరోజు విమలకుమారి ఆఫీస్‌కి వెళ్తూ చూస్తే అట్లకాడ లేదు. దాని చోట నాలుగు బోల్టులు మిగిలాయి. సిటీ హాల్‌కి ఫోన్ చేసింది. తుప్పు పట్టిందని పాత ఇనుము కింద కరిగించేశామని, అభ్యంతరాలు చెప్పమని వెబ్‌సైట్‌లో ముందే నోటీసు పెట్టామని ఎంతో మర్యాదగా చెప్పారు.

“మనకెందుకు విమలా? గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది,” అన్నాడు భర్త దైవాశీర్వాదం. అట్లకాడ కోసం బాధపడినవాళ్లను దేశం నుంచి పంపించేస్తారని ఆయన భయం.

అయినా ఆమె కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్లి, మైకు ముందు నిలబడి తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. “మేం దాన్ని అట్లకాడ అంటాం. దోసెలు తిరగేసేది. వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో నాకు అర్థమైంది అదొక్కటే.”

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. “మేం గోల్ఫ్ కర్ర అనేవాళ్లం!”

“కాదు, మంచు ఎత్తే పార!” అంది ఇంకొకావిడ.

ఉన్నన్నాళ్లూ తలెత్తి చూడని శిల్పం మీద ఊరంతటికీ ఒక్కసారిగా ప్రేమ పొంగింది. మేయరు కళ్లు తుడుచుకుని, అక్కడికక్కడే స్మారక ఫలకానికి తీర్మానం చేయించాడు. కరిగించమన్న తీర్మానం మీదా ఆయన సంతకమే ఉంది.

ఫలకం మీద ఏ ముద్దుపేరు చెక్కాలో ఓటింగ్ పెట్టారు. గోల్ఫ్ కర్ర గెలిచింది. తెర లాగే గౌరవం మాత్రం విమలకుమారికి దక్కింది. పేపర్లో వేసే ఫొటోలో అన్ని రంగుల ముఖాలూ ఉండాలి కదా. ఆమె లాగింది, చప్పట్లకు నవ్వింది.

“పోనీలే, ఫలకమన్నా పెట్టారు,” అన్నాడు దైవాశీర్వాదం కార్ ఎక్కాక.

“సమాధి మీద పేరు తప్పు రాశారండీ,” అంటూ ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.