సగటు తక్కువ వదిన

మా వదినను టోర్నమెంటు జట్టులోంచి తీసేశారు. ఐదుగురు కలిసి కోటను కాపాడే ఆన్‌లైన్ ఆట అది. మా గ్రూపుకి పెద్ద ఒక మందుల షాపాయన. ఊరూ పేరూ తెలియనివాళ్ళు కూడా ఆయన్ని బావగారనే పిలుస్తారు. ఆటకి ఆయన సగటు తొంభై పాయింట్లు, వదినది నలభై. అంకె చూపిస్తే ఇంక నోరెత్తేదెవరు?

వదిన బట్టలు కుడుతుంది. పని ముగించి, కుట్టుమిషనుకే ఫోను ఆనించి ఆడుతుంది. ఆ జట్టులో చోటు కోసం ఏడాదిగా ఆశ పెట్టుకుంది. తీసేశాక తలొంచుకుని కాజాలు కుట్టుకుంది. ఒళ్ళు మండింది నాకు.

బావగారి పాత ఆటలన్నీ తిరగేశాను. కోట కూలేలా ఉందంటే చాలు, మనిషి మాయం. మధ్యలో వెళ్ళిపోయిన ఆట సగటు లెక్కలోకి రాదు. అంటే ఆ తొంభై ఆయన గెలిచిన ఆటల సగటు. వదిన కూలే గోడ దగ్గర ఆఖరిదాకా నిలబడుతుంది, ఓటములన్నీ ఆమె నెత్తినే. గిన్నెలు తోమేవాళ్ళ చేతికే కదా మసి!

గ్రూపు కాల్‌లో అంతా కడిగేశాను. కరెంటు పోయిందని ఒకసారి, షాపులో రద్దీ అని ఒకసారి నసిగాడాయన.

"మీ కరెంటు గెలిచేటప్పుడు పోదేం బావగారూ?" అంది వదిన మెల్లగా.

అందరూ నవ్వారు. పని అయిపోయిందనుకున్నాను. ఏం అవుతుంది? ఆ మందకి వినపడింది బావగారి తప్పు కాదు, సగటు పెంచే చిట్కా. మర్నాటినుంచి గోడకి బీట పడగానే ఒకడికి ఫోనొస్తుంది, ఇంకొకడి పాప ఏడుస్తుంది. అందరి సగట్లూ ఆకాశానికెక్కాయి. జట్టుని మళ్ళీ సగటు చూసే ఎంచారు. వదిన మళ్ళీ బయటే.

టోర్నమెంటు మొదటి ఆటలో గోడ బీటవారింది. అలవాటు చొప్పున ఐదుగురూ మాయమయ్యారు. ఖాళీ కోట కూలుతుంటే ఊరంతా చూసింది.

రెండో ఆటకి ముందు బావగారు వదినకి ఫోను చేశాడు. ఆఖరిదాకా నిలబడే మనిషి కావాలట.

"ఇప్పుడొస్తే నా సగటు పడిపోదూ?" అంది వదిన.

బాగా గడ్డి పెట్టావు వదినా అనుకునేలోపే ఆమె దారం తెంపి, చేతిలో బట్ట పక్కన పెట్టి, ఆటలోకి వెళ్ళింది.

ఈ మనిషితో నేను వేగలేను.