ఫోన్ రాకపోతే మంచిదే

పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే ముందు తన కాళ్లు చాపుకోవాలి. రిబ్కా పెరట్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, రెండు కాళ్లూ దగ్గరగా చాపి, ఆడపడుచు బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టింది. కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి, మోచేత్తో వేడి చూసుకుని, చెంబుతో వీపు మీద సన్నగా పోసింది. బిడ్డ ఒక్క కేక పెట్టి, వెచ్చదనం తెలియగానే ఊరుకుంది.

"నా దగ్గర గుక్కపట్టి ఏడుస్తది, నీ కాళ్ల మీదికి రాంగనే నిద్రపోతది వదినా," అంది ఏంజెల్ గడపలో కూర్చుని.

"ఊరందరి బిడ్డల్ని ఎత్తిన చెయ్యి గదా," అంది అత్త మార్తమ్మ, మోకాళ్లకు నూనె రాసుకుంటూ. "మనింట్ల చెయ్యదా ఏంది?"

ఆ మాట మెచ్చుకోలో పని చెప్పడమో రిబ్కాకు ఎప్పుడూ తెలియలేదు. జూలూరుపాడులో ఆమె ఆశా కార్యకర్త. గర్భిణులను దవాఖానాకు తీసుకుపోవాలి, టీకాలు గుర్తుచేయాలి, జ్వరాలు వస్తే ఇల్లిల్లూ తిరగాలి. అది ఉద్యోగం కాదు, సేవ అంటారు మీటింగుల్లో. ఇంట్లో చేసేది సేవ కూడా కాదు, దానికి పేరే లేదు. ఏంజెల్ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పటి నుంచి పథ్యం వంట, గుడ్డలు ఉతకడం, సాంబ్రాణి పొగ, అన్నీ ఆమెవే. ఎవరూ చేయమని చెప్పలేదు. ఎవరూ చేయమని చెప్పకుండానే ఒక మనిషి మీద ఇంత పని ఎలా వచ్చి పడుతుందో, ఆలోచించడానికి కూడా ఆమెకు తీరిక చిక్కలేదు.

ముందు గదిలో భర్త జస్టిన్ దుకాణం. ఫోన్లు బాగుచేస్తాడు, ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పెడతాడు. డిగ్రీ చదివాడు, పేపరు చదువుతాడు, మాట బాగుంటుంది. పొద్దునే నలుగురు చేరతారు, చాయ్ వస్తుంది.

"సర్కారు మన రోగాలన్నీ కంప్యూటర్ల ఎక్కిస్తున్నది. ఎందుకంటవ్ మామా? రేపు ఇన్సూరెన్సోని చేతిల పెడితే? నీ షుగర్ నీది, నీ బీపీ నీది. నిన్ను అడగకుండ ఇంకొకడు చూసిండంటే జేబు కొట్టినట్టే."

"అవ్, నిజమే జస్టినూ," అని ఎవరో అన్నారు.

అలాంటప్పుడు చేతిలో ఉన్న పని ఆపి వినేది రిబ్కా. తాండాల్లో ఆమె చూసే మగవాళ్లకు ఈ మాటలు ఎక్కడివి? ఈ ఏడు వానలకు ముందు బడిలో ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు, తాండా రూప్‌సింగ్ ఆమె మీదికి కయ్యానికి వచ్చాడు. "మా ఆడోళ్లను బల్ల మీద పండబెట్టి చూస్తరా? నీకు సిగ్గు లేదా ఆశక్కా?" అన్నాడు. అతని భార్య మంగ్లి చెట్టు చాటున నిలబడింది. ఎవరూ కదలకపోతే రిబ్కాయే ముందు లోపలికి పోయి బల్ల ఎక్కింది. బయటికొచ్చి, "చీమ కుట్టినంత లేదు, రాండ్రే," అంది. అప్పుడు మంగ్లి వచ్చింది. ఆ వెనక అందరూ వచ్చారు.

ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి ఫోన్ నంబర్ అడిగితే ఒక్కొక్కరూ మొగుడి నంబర్ చెప్పారు. ఇక్కడ అంతే. రేషన్ కార్డుకైనా, గ్యాస్‌కైనా ఇంటికి ఒక నంబర్, ఆ నంబర్ ఇంటాయనది. రిబ్కాకు పని కోసం ఇచ్చిన ఫోన్ ఉంది. కానీ అందులో ఊరి బాధలే ఎక్కువ, తన సంగతి ఎందుకని జస్టిన్ నంబరే చెప్పింది. తడబడిన వాళ్లకు కూడా, "ఇంటాయన నంబర్ రాయమ్మా," అని తనే చెప్పి రాయించింది.

"పరీక్షలో తేడా ఉన్నవాళ్లకే ఫోన్ చేస్తాం," అంది ఆ అమ్మాయి. రిబ్కా దాన్ని ఆడవాళ్లకు తన మాటల్లో చెప్పింది. "ఫోన్ రాకపోతే మంచిదే. రాలేదని సంతోషపడుర్రి."

తను కూడా అలాగే సంతోషపడింది. రాత్రి ప్రార్థనలో, "ఈ రోజు కూడా ఫోన్ రాలేదు తండ్రీ, నీకు స్తోత్రం," అనేది. పక్కనే మోకాళ్ల మీద ఉన్న జస్టిన్, కళ్లు మూసుకుని "ఆమెన్" అనేవాడు.

ఫోన్ మంగ్లికి వచ్చింది. పత్తి ఏరే రోజుల్లో రూప్‌సింగ్ ఫోన్ వాగులో పడి మూలకు పడితే, నిన్ననే జస్టిన్ దాన్ని బాగుచేసి ఇచ్చాడు. బాగైన మర్నాడే, ఈ పొద్దున, మోగింది. రూప్‌సింగ్ ఆ ఫోన్‌ను నిప్పుకణికలా రెండు చేతులతో పట్టుకుని పరుగున వచ్చాడు. "అక్కా, మంగ్లి పేరు చెప్తున్నరు, దవాఖాన అంటున్నరు, నువ్వు మాట్లాడు," అన్నాడు. ఆ కయ్యం ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

బిడ్డను తుడిచి, పొగ వేసి, ఏంజెల్ ఒడిలో పెట్టి రిబ్కా బయలుదేరింది. "జల్దీ రా. రేపు ఏంజెల్ అత్తగారోళ్లు వస్తున్నరు, కోడి కొయ్యాలె," అని గుర్తుచేసింది అత్త.

కొత్తగూడెం పెద్ద దవాఖానాలో మంగ్లిని డాక్టరమ్మ చూసింది. చిన్న మచ్చ, వేడితో కాల్చేసి కాసేపు పడుకోబెట్టారు. సాయంత్రం ఇంటికి పోవచ్చన్నారు. నర్సు నాగలత కాగితం మీద, తోడు వచ్చిన ఆశా పేరు అడిగి, రాస్తూ రాస్తూ ఆగింది.

"రిబ్కా అంటే నువ్వేనా? భర్త జస్టిన్, జూలూరుపాడు?"

"అవ్ మేడం."

"అయితే నీ ఉపవాస ప్రార్థనలు అయిపోయినయా తల్లీ?"

"ఏం ప్రార్థనలు మేడం?"

"ఫోన్ చేసినప్పుడల్లా మీ ఆయన చెప్పె గదా. ఒకసారి ప్రార్థనలకు పోయిందన్నడు. ఒకసారి సత్తుపల్లి తల్లిగారింటికి పోయిందన్నడు. నేనే తీసుకొస్త మేడం అన్నడు. మంగ్లి కంటె ముందు వచ్చింది నీ రిపోర్టు. ఊరందర్నీ తోలుకొస్తవ్, నీ పానం మీద నీకు ధ్యాస లేకపోతే ఎట్లనమ్మా?"

రిబ్కాకు అంతా ఒక్కసారే అర్థమైంది. అర్థమైన ఆ క్షణంలో ఆమె నోటి నుంచి వచ్చిన మాట, ఆమెకే సిగ్గనిపించేలా, "అవ్ మేడం, పోయిన. నాదే తప్పు," అని. మంచం మీది నుంచి మంగ్లి తల తిప్పి చూసింది. ప్రార్థనలు ఎక్కడివి? తల్లిగారింటి ముఖం చూసి ఎన్నాళ్లయింది? పత్తి కాలమంతా ఈ ఆడమనిషి తనను ఊళ్లోనే చూసింది. ఇంటి పరువు కాపాడటం ఎంత అలవాటైందంటే, ఆ ఇల్లు తన ప్రాణం మీదికి తెచ్చినా నోరు దానికే సాక్ష్యం చెప్పింది.

నాగలత ఆమె ముఖం చూసి కాగితం పక్కన పెట్టింది. కుర్చీ లాగి కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులో మిగిలిన చాయ్ మూతలో పోసి ఇచ్చింది. ఫ్యాను ఆమె వైపు తిప్పింది. "డాక్టరమ్మ ఇంకా ఉన్నది. ఇప్పుడే చూపిద్దాం," అంది, తన భోజనం డబ్బా పక్కకు జరిపి.

డాక్టరమ్మ చూసి చేతులు కడుక్కుని వచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది. మచ్చ పెద్దగా ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపాలి, అది వచ్చేదాకా ఏదీ అనలేం. రేపే రావాలి, తోడు ఎవరినైనా తెచ్చుకోవాలి. "ఫోన్ చేసినప్పుడే వచ్చుంటే?" అని అడిగింది రిబ్కా. "ఈమెకు చేసినట్టే అయిపోయేదేమో. చెప్పలేనమ్మా," అంది డాక్టరమ్మ, అబద్ధం చెప్పడం చేతకాని మనిషిలా.

బయట రూప్‌సింగ్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి పోతూ మంగ్లి విడిచిన చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని అప్పటి నుంచీ చేతిలోనే పట్టుకున్నాడు. మంగ్లి రాగానే వంగి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

వెళ్లేముందు రిబ్కా వెనక్కి తిరిగి నాగలత దగ్గరికి పోయి, "మేడం, నంబర్ మార్చి రాసుకోండి," అంది.

"ఎవరిది?"

"నాది."

ఆటోలో మంగ్లి ఆమె చెయ్యి పట్టుకుని, భర్తకు వినపడకుండా, "రేపు నేను వస్త అక్కా. నువ్వు నా ముందు బల్ల ఎక్కలేదా?" అంది. చెట్ల మీద నుంచి చలి దిగుతోంది. రిబ్కా ఊళ్లో ఇల్లిల్లూ తలుచుకుంది. ఏ ఇంట్లో ఏ ఫోన్ మోగిందో, ఎవరు ఎత్తారో, ఎత్తి ఏం చెప్పారో. 'ఇంటాయన నంబర్ రాయమ్మా' అని తన గొంతే తనకు వినపడింది.

ఇంటికి చేరేసరికి బకెట్లో బిడ్డ గుడ్డలు నానుతూ ఉన్నాయి. "వచ్చినవా? నీ కోసమే చూస్తున్నం, పొయ్యి కూడ ముట్టియ్యలే," అంది అత్త. రిబ్కా కొంగు దోపుకోలేదు. గడపలోనే నిలబడి, "డాక్టరమ్మ నన్ను కూడ చూసింది," అంది.

ఎవరూ ఏమైందని అడగలేదు. అదే ఆమెకు జవాబైంది. తెలియనివాళ్లు అడుగుతారు. ఏంజెల్ తల వంచుకుని బిడ్డ పిడికిలి సవరిస్తూ, "వదినా, నేను అత్తగారింటికి పొయ్యేదాక నీకు చెప్పకుండ ఆగుదామని అన్న అన్నడు. నేను వద్దనే అన్న..." అని నసిగింది.

"పురిటింట్ల గర్భసంచి రోగం మాట ఎందుకని నేనే అన్న," అంది మార్తమ్మ గట్టిగా. "పారిపోతదా ఆ దవాఖాన? నా మోకాళ్లు సూస్తివి గదా. నువ్వు మంచం ఎక్కితే దీనికి ఎవరు చేస్తరు?"

దుకాణంలోంచి జస్టిన్ వచ్చాడు. ముఖం చూసి తలుపు దగ్గరికి వేశాడు, చాయ్ తాగేవాళ్లకు వినపడకుండా.

"నీ మంచికే రిబ్కా. చెప్తే భయపడతవని. పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు, నేను నెట్‌ల అంత చదివిన. ఫోన్‌ల ఏఐని కూడ అడిగిన. నీ వయసు చెప్పిన, తెల్లబట్ట సంగతి చెప్పిన, నడుము నొప్పి చెప్పిన. ఉత్తగ వదిలేస్తనా నిన్ను?"

రిబ్కా అతని వైపు చూసింది. తన వయసు, తన తెల్లబట్ట, తన నొప్పి. చీకట్లో, సిగ్గుపడుతూ, ఈ మనిషికి ఒక్కడికే చెప్పుకున్నవి. వాటిని ఒక యంత్రానికి చెప్పాడు, తల్లికి చెప్పాడు, చెల్లెలికి చెప్పాడు. అందరూ కలిసి ఆమె ఒంటి గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలు నడిచిన వంటింట్లోనే ఆమె అన్నం వార్చింది. ఆమె ఒక్కతే ప్రార్థనలో స్తోత్రం చెప్పింది.

"ఏఐ ఏమన్నది?" అని అడిగింది.

"అదే, భయపడొద్దన్నది."

"దవాఖానకు పొమ్మనలేదా?"

జస్టిన్ తలుపు గొళ్లెం సర్దాడు.

"అన్నదా, అనలేదా?"

"అన్నది గాని..."

"మరి రోజూ ఆమెన్ అంటివి గదా. దేనికి?"

అవతల తలుపు మీద ఎవరో కొట్టి, "జస్టినూ, నా ఆధార్ పని అయిందా?" అని పిలిచారు. ఆ పిలుపు దొరికినందుకు అతను ఊపిరి పీల్చుకోవడం ఆమె చూసింది.

తెల్లవారి రిబ్కా స్నానం చేసి, దవాఖానా కాగితాలు సంచిలో పెట్టుకుంది. పెరట్లో కోడి గంప కింద అలాగే ఉంది. బిడ్డ లేచి ఏడుస్తోంది.

"ఏమే, చుట్టాలొచ్చే యాళ్లయె. బిడ్డకు నీళ్లెవరు పోస్తరు?" అంది అత్త.

"ఏంజెల్‌కు కాళ్లున్నయ్ గదా అత్తమ్మా. చాపమను."

ఏంజెల్ పీట తెచ్చుకుంది. భయంభయంగా కాళ్లు చాపుతుంటే, రిబ్కా ఒక్క క్షణం ఆగి, "ముందు మోచేత్తో వేడి చూడు," అని చెప్పి బయటికి నడిచింది. రోడ్డు మీద రూప్‌సింగ్ ఆటో మాట్లాడి పెట్టాడు. మంగ్లి ఎక్కి కూర్చుని, పక్కన చోటు చేసి ఉంచింది.

జస్టిన్ దుకాణం మెట్ల మీద నిలబడ్డాడు. షట్టరు సగమే లేచి ఉంది. "నేను వస్తనంటే వద్దంటివి," అన్నాడు. "డాక్టర్ ఏం చెప్పిందో... సాయంత్రం లోపల ఒక్కసారి ఫోన్ చెయ్ రిబ్కా."

ఆటో కదులుతుండగా ఆమె అతని ముఖంలోకి చూసి, క్యాంపు రోజు ఆడవాళ్లకు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"ఫోన్ రాకపోతే మంచిదే అనుకో."