తాళం లేని నిర్బంధం

ఆవిడ చదవాలి, ఆయన టిక్కు పెట్టాలి. పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆ లాయరుగారింట్లో అప్పీళ్ళు సరిచూసే పద్ధతి అదే. రాసేది ఆవిడే, టైపు చేసేది ఆవిడే, మధ్యలో పాలు పొంగిపోకుండా చూసేదీ ఆవిడే. సంతకం మాత్రం ఆయనది. ఆవిడా లాయరే. ఆ సంగతి చుట్టాలకి గుర్తులేదు, ఈమధ్య ఆవిడకీ అంతంతమాత్రంగానే గుర్తుంటోంది. "మా కోడలు బంగారం, ఇన్నేళ్ళలో ఒక్కతే గడప దాటి ఎరగదు," అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతుంది.

ఈరోజు అప్పీలు ఒక కుట్టుపని అమ్మాయిది. మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చి రక్షణ గృహంలో తలదాచుకుంది. తీవ్రనేరాల బాధితులకే అక్కడ చోటు. అక్రమ నిర్బంధాన్ని చట్టం తీవ్రనేరాల్లోనే చేర్చింది. ట్రిబ్యునల్ వారు మాత్రం, తలుపుకి తాళం వెయ్యలేదు కాబట్టి అది నిర్బంధం కాదు, ఉత్త వేధింపు, చిన్న నేరాల వర్గంలోకి వస్తుంది అని తేల్చేశారు. ఈ సాయంత్రం ఐదులోగా అప్పీలు పడకపోతే రేపు ఆ పిల్ల మూటాముల్లె సర్దుకుని మళ్ళీ ఆ కొంపకే పోవాలి.

ఆవిడ వాంగ్మూలం చదువుతోంది. "తలుపు తెరిచే ఉండేది. ఎదురుగా ఆయన కుర్చీ. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా ఆ ఖాళీ కుర్చీ ముందునుంచి వెళ్ళడానికి నాకు కాళ్ళు వచ్చేవి కావు."

"ఊఁ," అన్నాడాయన. టిక్కు.

"ఎవరైనా వస్తే గడప ఇవతలే నిలబడి మాట్లాడేదాన్ని. లోపలికి రమ్మనవేం అనేవాళ్ళు. బయటికి రావేం అని ఒక్కరూ అడగలేదు."

"ఊఁ." టిక్కు.

"ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళాను. వెనక్కి తిరిగి చూస్తే, మా కిటికీలో నేనే నిలబడి ఉన్నాను. వద్దని తల ఊపుతున్నాను. వచ్చేశాను."

"ఊఁ, కానీ." టిక్కు.

ఆవిడ తన చేతిలోని ప్రతి తిరగేసి చూసింది. వాంగ్మూలం కుర్చీ మాటతోనే అయిపోయింది. ఆ తర్వాతదంతా కాగితంలో లేదు, తన నోట్లోంచే వచ్చింది. లేచి ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. ఆఖరి వాక్యం కింద, ఖాళీ కాగితం మీద, పొందిగ్గా రెండు టిక్కులు. ఇన్నేళ్ళూ తను చెప్పిందంతా ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు, భయమేసింది.

"ఇది నిలబడే కేసు కాదు," అన్నాడాయన పెన్ను మూస్తూ. "తలుపు తెరిచుంటే నిర్బంధమేమిటి? జడ్జీలు నవ్విపోతారు. వదిలేద్దాం. టీ పెట్టు."

ఆవిడ టీ పెట్టింది, తెచ్చి ఇచ్చింది కూడా. అలవాటు ఊరికే పోతుందా! ఆయన కప్పందుకుని పేపరు మడత విప్పాడు. ఆవిడ పక్కగదిలోకి వెళ్ళి అప్పీలు చివర తన పేరు రాసి, సంతకం చేసింది. వకాలత్తులో ఎప్పుడూ ఇద్దరి పేర్లూ ఉంటాయి, రెండోది ఎవరూ చూడరు గానీ. కాగితాలు గుండెకి అదుముకుని బయల్దేరింది. మలుపు దగ్గర మెడ వెనక్కి లాగుతున్నట్టే ఉంది. కిటికీలో ఎవరున్నారో తెలుసు కాబట్టి తిరిగి చూడలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా కోర్టు కౌంటర్లో కాగితాలు పెట్టింది. గుమస్తా మొదటి పేజీ చదివి, కాగితాల అంచు ఇంకా వదలని ఆవిడ చేతుల వంక జాలిగా చూశాడు.

"బాధితురాలు మీరేనా అమ్మా?"

"ఇవాళ్టికి లాయర్నండీ," అంది ఆవిడ.